దీపపు ఎరల్లో పురుగు తగ్గింది, టేకు తోటలో ఆకు పోతోంది: తప్పు ఎక్కడ?

సమస్య: దీపపు ఎరల్లో (రాత్రి వెలుగుకు వచ్చే పురుగులను కింది గిన్నెలో పట్టే దీపాలు) పడే రెక్కల పురుగులు వారం వారం తగ్గుతున్నాయని గ్రాఫు చెబుతుంది. తోటలో చూస్తే టేకు ఆకులకు ఈనెలే మిగిలాయి.

ముందు రాత్రులు లెక్కపెట్టండి. ఒక ఎరలో 10 రాత్రులకు 60 పురుగులు, తర్వాత 5 రాత్రులకు 40 పడితే పురుగు తగ్గినట్టు కాదు. రాత్రికి 6 నుంచి 8కి పెరిగింది. దీపం వెలిగిన రాత్రులతో భాగించకుండానే గ్రాఫు గీసి "మందు పనిచేయలేదా?" అని అడిగేవారికి ఇదే నా జవాబు, ఎన్నిసార్లు అడిగినా. పౌర్ణమి దగ్గర వెన్నెలకు ఎరలో పడేవి తగ్గుతాయి కాబట్టి ఆ వారాన్ని అమావాస్య వారంతో పోల్చకండి.

ఇది సరిగా ఉన్నా లెక్క కుదరకపోతే, అసలు దొంగ సున్నాయే. నన్ను ఎక్కువగా సతాయించింది ఇదే.

వాన వారంలో కొన్ని ఎరల దగ్గరికి ఎవరూ వెళ్లలేరు. రిజిస్టరులో గీత పెడతారు. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు, పట్టిక నిండుగా కనిపించాలని ఆ గీతలన్నీ సున్నాలవుతాయి. 10 ఎరల్లో 6 మాత్రమే చూసి 90 పురుగులు లెక్కపెట్టారనుకోండి: సగటు 15. సున్నాలు చేరితే 9. గ్రాఫులో పడిపోయిన ఆ గీతకు, పురుగుకు సంబంధమే లేదు. పైగా ఆ 15ను కూడా తోటంతటికీ వర్తింపజేయలేం. వానలో చూడగలిగినవి సాధారణంగా బాట పక్క ఎరలే. ఇంకో మాయ: బ్యాటరీ అయిపోయి దీపం వెలగకపోయినా గిన్నె ఖాళీగానే ఉంటుంది. చూసినవారు నిజాయితీగానే సున్నా రాస్తారు.

ఇలాంటి పట్టికతో, పురుగు ఎప్పుడు వస్తుందో ముందే చెప్పే అంచనా నమూనా తయారుచేస్తే, వాన పడితే పురుగు పోతుందని నేర్చుకుంటుంది. టేకు ఆకుతినే పురుగు దండెత్తేదేమో తరచుగా తొలి వానలకు లేత చిగురు వచ్చినప్పుడే!

పట్టుకోవడం ఇలా: వారానికి ఎన్ని సున్నాలున్నాయో విడిగా లెక్కించండి. వాన వారాల్లోనే అవి గుంపుగా కనిపిస్తే, లేదా చుట్టూ ఎరలు నిండుగా ఉండగా ఒకదానిలో 28, 0, 31 అని ఉంటే, కాగితం రిజిస్టరు తీయండి.

పరిష్కారం: సంఖ్య పక్కన ఇంకో గడి పెట్టి "చూశాం, లేవు", "చూడలేదు", "దీపం వెలగలేదు" అన్న మూడింటిలో ఒకటి రాయించండి. మొదటిదానికే సున్నా, మిగతా రెండింటికీ ఖాళీ. స్ప్రెడ్‌షీట్ సగటు తీసేటప్పుడు ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నాను వదలదు. పాత లెక్కల్లో ఏది ఏదో తేలకపోతే ఖాళీగానే ఉంచండి, ఊహించి నింపవద్దు.

వేరే జాతి పురుగును లెక్కపెట్టడం, తేదీలు తారుమారవడం అరుదు. చివర్లో చూసుకోవచ్చు.

పట్టిక సరిచేసేలోగా మందు కొట్టాలా వద్దా అన్నది కొమ్మలు వంచి తేల్చుకోండి. లేత చిగుళ్ల మీద చిన్న గొంగళి పురుగులుంటే ఇంకా సమయం ఉంది. పెద్దవై, కోశస్థ దశకు (రెక్కల పురుగుగా మారేముందు కదలకుండా ఉండే దశ) నేలమీది రాలిన ఆకుల్లోకి దిగిపోతుంటే, ఈ విడతకు మందు కొట్టినా వృథాయే.