నిమ్మతోటలో ఆఫ్రికా నత్త: ఏది ఏరాలి, ఏది వదిలేయాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఎండలకు చిప్ప మూతి బిగించుకుని మట్టిలో పడుకున్న ఆఫ్రికా నత్త, మొదటి గట్టి వానకే లేస్తుంది. ఆ వారంలో ఏరితేనే పని తేలిక. నెల ఆగితే గుడ్లు పెట్టేస్తుంది, ఒక్క విడతకే వంద నుంచి నాలుగు వందల దాకా.

ముందు దాన్ని గుర్తుపట్టాలి. చిప్ప శంకులా కోసుగా ఉంటుంది, గోధుమ రంగు మీద నిలువు చారలు. ఎదిగింది అరచేతికి నిండుగా వస్తుంది. బోదె బెరడుకు అతుక్కుని వేసవంతా కదలకుండా ఉండే గోరంత నత్తలు వేరు. అవి మన నేలవే, పాచీ బూజూ తిని బతుకుతాయి, పంటకు వాటితో పేచీ లేదు. తికమక పెట్టేది ఆఫ్రికా పిల్ల నత్త. చిప్పను తిప్పి నోటి దగ్గర చూడండి: ఆఫ్రికాదైతే లోపలి కాడ చివర కత్తిరించినట్టు మొండిగా ఉంటుంది. అప్పటికీ అనుమానమైతే వదిలేయండి. రెండు నెలల్లో అదే పెరిగి చెబుతుంది.

పగలు వెతికితే దొరకవు. పొద్దుగూకే ముందు గోనె సంచులు బాగా తడిపి చెట్ల మధ్య పరిచి, కింద బొప్పాయి ఆకులో, క్యాబేజీ పై రేకులో వేయండి. తెల్లవారి ఎండ రాకముందే సంచి ఎత్తితే అడుగున గుంపుగా ఉంటాయి. చేతికి తొడుగు తప్పనిసరి. మెదడు పొరల జబ్బు తెచ్చే, ఎలుకల ఊపిరితిత్తుల్లో పెరిగే పురుగు ఈ నత్తలో ఉండొచ్చు. పిల్లల చేత ఏరించొద్దు.

ఏరినవి వేయడానికి మూత ఉన్న బకెట్‌లో 5 లీటర్ల నీళ్లకు కిలో కల్లుప్పు. ఇస్కపల్లి వైపు ఉప్పు దొరికే చోట ఇది పెద్ద ఖర్చేం కాదు. ఉప్పు తక్కువైతే నురగ కక్కి, గోడ పట్టుకుని పైకి వచ్చేస్తాయి. మర్నాడు బావికి దూరంగా రెండడుగుల గోతిలో పూడ్చండి. ఆ నీళ్లు మాత్రం పాదుల్లో పోయొద్దు, నిమ్మ ఉప్పుకు ఓర్వదు. పాదు గట్లు, ఎరువు దిబ్బ అంచులు అంగుళం లోతు గీకితే సగ్గుబియ్యం కన్నా కొంచెం పెద్ద, లేత పసుపు గుడ్లు కనిపిస్తాయి. అవీ బకెట్‌లోకే.

నత్త చెట్టెక్కకుండా బోదెకు బోర్డో పేస్టు: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు 10 లీటర్లు. రెండూ విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, తర్వాత ఒకటి చేయాలి. ఇనుప కత్తి నిమిషం ముంచి చూడండి, ఎర్రగా రాగి పడితే సున్నం చాలలేదు. కింది రెండడుగులకే పూయండి. ముందుగా అక్కడున్న చిన్న నత్తలను పై కొమ్మలకు మార్చండి.

నత్తల మందు మెటల్డిహైడ్ 2.5 శాతం గుళికలు ఆఖరి దారి. ఎకరాకు 2 కిలోలు, వాన లేని సాయంత్రం పలచగా చల్లాలి. కుప్పగా పోస్తే కుక్కలు తిని ఫిట్స్‌తో చస్తాయి. ఈ మందు నత్త ఒంట్లో తడి పోగొట్టి చంపుతుంది, కాబట్టి వెంటనే వాన పడితే కొన్ని తేరుకుంటాయి. పొద్దున్నే ఏరేయండి.

నత్తలను తినే నత్తను తెచ్చి వదిలితే సరి కదా అనే సలహాకు మాత్రం చెవి ఒగ్గొద్దు. పసిఫిక్ సముద్రంలోని తాహితి దీవిలో 1974లో, దాని పక్క దీవి మొరేయాలో 1977లో అదే చేశారు. ఫ్లోరిడా నుంచి వచ్చిన ఆ వేట నత్త పెద్ద ఆఫ్రికా నత్తను వదిలేసి, జిగురు జాడ పట్టుకుని చెట్లెక్కి, సుమారు రెండు సెంటీమీటర్లుండే అక్కడి పార్టులా నత్తలను తినేసింది. ఆఫ్రికా నత్తవి వందల గుడ్లు, పార్టులా కనేది ఒక్కో పిల్లనే. ఇక తట్టుకునేదెలా? 1987కల్లా మొరేయా అడవిలో వెతికినా ఒక్కటీ కనిపించలేదు. జంతుశాలల్లో బతికించుకున్న వాటిని 2015 నుంచి మళ్లీ తాహితి అడవుల్లో వదులుతున్నారు.

నర్సరీ మొక్క తెస్తే నేరుగా నాటొద్దు. గుడ్లు పొదగడానికి ఎనిమిది నుంచి ఇరవై రోజుల దాకా పడుతుంది, కాబట్టి మూడు వారాలు సిమెంటు గచ్చు మీద విడిగా పెట్టి, రోజూ సంచి అడుగు, పై మట్టి చూడండి. ఒక్కటి తప్పించుకున్నా, ఒకసారి జతకట్టి ఉంటే నెలల తరబడి గుడ్లు పెడుతూనే ఉంటుంది.