ఎంఎంటీఎస్ సీజన్ టికెట్, స్టేషన్‌లో బండి నెల పాసు: ఏది ముందు, ఏది తర్వాత?

ఇంటి నుంచి స్టేషన్ దాకా కారులోనో బైకు మీదో వెళ్లి, బండి అక్కడ పెట్టేసి, హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌లో ఆఫీసుకు చేరాలనుకునేవాళ్లకు రెండు పాసులు కావాలి. ఒకటి రైలుది, రెండోది బండిది. రెండూ ఒకే స్టేషన్‌లో దొరుకుతాయి కాబట్టి ఒకే కౌంటర్‌లో ఇస్తారనుకుంటారు చాలామంది. అలా ఇవ్వరు. రైలు పాసు, అంటే సీజన్ టికెట్, రైల్వే నేరుగా ఇస్తుంది. బండి పాసు మాత్రం ఆ పార్కింగ్ స్టాండును రైల్వే నుంచి కాంట్రాక్టుకు తీసుకున్నవాళ్లు ఇస్తారు. ఒకటి ఉంది కదా అని రెండోది దానంతట అదే రాదు. రెండింటి గడువులు కూడా వేర్వేరు.

అందుకే ఏది ముందు చేయాలన్నది ఇక్కడ ముఖ్యం. సీజన్ టికెట్ ఒకసారి కొన్నాక డబ్బు వెనక్కి రాదు. మూడు నెలలకు టికెట్ తీసుకుని, మర్నాడు స్టేషన్‌కు వెళ్తే కార్లకు చోటే లేదని తేలితే ఆ ఖర్చంతా మీ నెత్తినే. కాబట్టి ముందు స్టాండు సంగతి తేల్చుకోండి. ఆ తర్వాత సీజన్ టికెట్, చివరగా బండి పాసు.

డబ్బు కట్టే ముందు స్టాండు చూసి రండి

2003 ఆగస్టులో రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మొదలుపెట్టిన ఎంఎంటీఎస్‌లో స్టేషన్లన్నీ ఒక్కలా ఉండవు. సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లి లాంటివి దూరప్రాంత రైళ్లు కూడా ఆగే పెద్ద స్టేషన్లు. అక్కడ స్టాండులో గంటల లెక్కన బండి పెట్టి పోయేవాళ్లే ఎక్కువ. మధ్యలో వచ్చే చిన్న స్టేషన్ల పరిస్థితి వేరు. కొన్నిచోట్ల బైకులకు తప్ప కార్లకు జాగా ఉండదు. కాబట్టి మీరు రోజూ రైలు ఎక్కే వేళకే, పని దినాన, ఒకసారి వెళ్లి చూడండి. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా కనిపించిన స్టాండు సోమవారం ఉదయం తొమ్మిదికి అలాగే ఉంటుందని నమ్మకండి.

స్టాండు దగ్గర ధరల బోర్డు ఉంటుంది, ఉండాలి కూడా. దాన్ని తీరిగ్గా చదవండి. సైకిలు, టూ వీలర్, ఫోర్ వీలర్‌లకు వేర్వేరు ధరలుంటాయి. గంటల శ్లాబులు ఎక్కడ మారుతున్నాయో చూసుకోండి. నెల పాసు ధర విడిగా రాసి ఉందా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. అన్ని స్టాండ్లలో నెల పాసు ఉండాలని లేదు, కొన్నిచోట్ల బైకులకే ఇస్తారు. బోర్డు మీద లేని ధర నోటిమాటగా చెబితే అది ఎక్కడ రాసి ఉందో చూపించమని అడగండి. అలా అడిగినంత మాత్రాన గొడవ పెట్టుకున్నట్టు కాదు. చివరగా బోర్డును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కాంట్రాక్టు గడువు ఎప్పటిదాకా ఉందో కూడా కనుక్కోండి. పార్కింగ్ స్థలాలను రైల్వే వేలం వేస్తుంది. 2022 నుంచి ఈ వేలాన్ని రైల్వే టెండర్లు, వేలాల వెబ్‌సైటు ఐఆర్‌ఈపీఎస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో జరుపుతున్నారు. గడువు తీరితే స్టాండు ఇంకొకరి చేతికి వెళ్లవచ్చు. పాతవాళ్లు ఇచ్చిన పాసును కొత్తవాళ్లు ఒప్పుకోకపోతే మిగిలిన రోజుల డబ్బు రాబట్టుకోవడం తలనొప్పి. గడువు దగ్గరపడిన స్టాండులో మూడు నెలల పాసు ఒకేసారి తీసుకోకండి. ఎంత తగ్గింపు ఇస్తామన్నా నెలకు మించి వద్దు.

ఇంకో జాగ్రత్త. బేగంపేట, ఖైరతాబాద్, మలక్‌పేట లాంటి చోట్ల మెట్రో స్టేషన్ కూడా దగ్గర్లోనే ఉంటుంది. మెట్రో పార్కింగ్ వేరు, రైల్వే స్టాండు వేరు. ఒకదాని పాసు రెండోచోట చెల్లదు. ఎంఎంటీఎస్ సీజన్ టికెట్‌తో మెట్రో ఎక్కడమూ కుదరదు.

సీజన్ టికెట్ తీసుకోవడం

బుకింగ్ కౌంటర్‌కు మొదటిసారి వెళ్లేటప్పుడు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఒరిజినల్ తీసుకెళ్లండి. జిరాక్స్, పాస్‌పోర్ట్ సైజు ఫొటో కూడా వెంట ఉంటే మళ్లీ తిరగాల్సిన పని ఉండదు. పేరు, వయసు, చిరునామా, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తరగతి, ఎన్ని నెలలకు అనే వివరాలు ఇవ్వాలి. గుర్తింపు కార్డు నంబరు టికెట్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి, రోజూ జేబులో ఉండే కార్డునే చూపించండి. ఇంట్లో బీరువాలో దాచుకునే పాస్‌పోర్ట్ నంబరు ఇస్తే, రైల్లో టీసీ అడిగినరోజు చూపించడానికి ఏమీ ఉండదు.

నెల, మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది, ఇలా నాలుగు రకాలున్నాయి. మూడు నెలల టికెట్‌కు నెల ధరకు 2.7 రెట్లు, ఆరు నెలలకు 5.4 రెట్లు, ఏడాదికి 10.8 రెట్లు తీసుకుంటారు. నెలకు 100 రూపాయలయ్యే దూరానికి మూడు నెలలది 270, ఏడాదిది 1080 అవుతుంది. గమనిస్తే, మూడు నెలల దగ్గర వచ్చే పది శాతం ఆదానే ఏడాది దాకా సాగుతోంది, అంతకుమించి పెరగడం లేదు. ఉద్యోగం మారవచ్చు, ఇల్లు మారవచ్చు, వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వవచ్చు, డబ్బేమో తిరిగి రాదు. అందుకని నా సలహా మూడు నెలలదే. ఆదా అంతే వస్తుంది, ఇరుక్కునే సొమ్ము తక్కువ.

కౌంటర్‌లో టికెట్ చేతికి రాగానే పక్కకు జరిగి ఒకసారి చదువుకోండి. ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్, మార్గం, తరగతి, గుర్తింపు నంబరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ. వీటిలో మార్గాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. లింగంపల్లి వైపు నుంచి వచ్చే దారి బేగంపేట దాటాక చీలుతుంది, ఒకటి నాంపల్లికి, ఒకటి సికింద్రాబాద్‌కు. సికింద్రాబాద్‌కు తీసుకున్న సీజన్ టికెట్‌తో నాంపల్లి దారిలోని లక్డీకాపూల్‌లో దిగితే అది మీ మార్గం కాదు. టికెట్ లేకుండా దొరికితే ఛార్జీతో పాటు కనీసం 250 రూపాయలు అదనంగా వసూలు చేస్తారు, మార్గం తప్పినా అదే తంటా. ఆఫీసు ఎక్కడుందో ముందే సరిచూసుకుని దిగే స్టేషన్ చెప్పండి. పొరపాటుంటే కౌంటర్ ముందున్నప్పుడే చెప్పాలి.

సీజన్ టికెట్ ఉంది కదా అని ఎక్స్‌ప్రెస్ రైళ్ల రిజర్వేషన్ బోగీలు ఎక్కకూడదు. లింగంపల్లి, సికింద్రాబాద్ మధ్య దూరప్రాంత రైళ్లు కూడా నడుస్తాయి కాబట్టి ఈ తప్పు జరగడం తేలిక.

యాప్‌లో తీసుకోవాలంటే రైల్వే 2025 జులై 1న తెచ్చిన రైల్‌వన్ యాప్ ఉంది. అందులో అన్‌రిజర్వ్‌డ్ టికెట్లతో పాటు సీజన్ టికెట్ కూడా తీసుకోవచ్చు. ఇక్కడ మొదటిసారి తీసుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, టికెట్ కొన్నరోజు నుంచి కాక మర్నాటి నుంచి చెల్లుతుంది. ఉదయం ఇంట్లో బుక్ చేసుకుని అదే రోజు రైలెక్కితే ఆ రోజుకు టికెట్ లేనట్టే. తనిఖీలో యాప్ తెరిచి చూపించాలి, స్క్రీన్‌షాట్ కుదరదు. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతే టికెట్ లేని ప్రయాణం కిందే లెక్క. సాయంత్రానికి ఛార్జింగ్ నిలవని ఫోనైతే కాగితం టికెట్టే నయం. అయితే కాగితం టికెట్ పోతే డూప్లికేట్ ఇవ్వరు. నీళ్లు తగలని కవర్‌లో పెట్టి గుర్తింపు కార్డుతో కలిపి ఉంచండి.

రెన్యువల్ గడువు తీరడానికి పది రోజుల ముందు నుంచే చేసుకోవచ్చు. కొత్త గడువు పాతది ముగిసిన మర్నాటి నుంచి మొదలవుతుంది కాబట్టి ముందుగా చేసినా ఒక్క రోజూ నష్టపోరు. స్టేషన్‌లో టికెట్లు ఇచ్చే ఏటీవీఎం యంత్రాల దగ్గర కూడా ఈ పని అవుతుంది. నెల మొదటి రోజుల్లో కౌంటర్ల దగ్గర రద్దీ ఎక్కువ, ఆ లైను తప్పించుకోవాలంటే ఈ పది రోజుల వెసులుబాటు వాడుకోండి.

సీజన్ టికెట్ ఒకరి పేరు మీదున్నది ఇంకొకరు వాడటం నేరం, భార్యాభర్తలైనా సరే.

రాయితీ ఉన్నవాళ్లు

ఆడపిల్లలకు డిగ్రీ దాకా, మగపిల్లలకు ఇంటర్ రెండో ఏడాది దాకా ఇంటికీ విద్యాసంస్థకూ మధ్య సెకండ్ క్లాస్ నెల సీజన్ టికెట్ ఉచితం. కాలేజీ నుంచి సంతకం, ముద్ర ఉన్న ధ్రువపత్రం తేవాలి. నెలకు 1500 రూపాయల లోపు ఆదాయం ఉన్న అసంఘటిత కార్మికుల కోసం 2009లో తెచ్చిన ఇజ్జత్ పాసు 25 రూపాయలే. దానికి అధికారులిచ్చిన ఆదాయ ధ్రువపత్రం కావాలి. రైల్వే జాబితాలోని విభాగాల్లోకి వచ్చే దివ్యాంగులకు నెల, మూడు నెలల సీజన్ టికెట్ల మీద సగం తగ్గుతుంది. కౌంటర్‌కు వెళ్లేముందు రైల్వే రాయితీ గుర్తింపు కార్డు చేయించుకోవాలి. ఈ రాయితీలన్నీ రైలు ఛార్జీకే, బండి పాసుకు వర్తించవు.

ఇప్పుడు బండి పాసు

స్టాండు దగ్గరికి బండి ఆర్‌సీ జిరాక్స్, మీ గుర్తింపు కార్డు, సీజన్ టికెట్ పట్టుకెళ్లండి. అన్నిచోట్లా అన్నీ అడగరు, ఉంటే మాత్రం పని ఒక్క రోజులో అయిపోతుంది. బండి మీ పేరు మీద లేకపోతే, నాన్నగారిదో కంపెనీదో అయితే, ఆ మాట ముందే చెప్పండి. పాసు మీద బండి నంబరు రాస్తారు కాబట్టి ఒక రోజు కారు, ఇంకో రోజు బైకు తెస్తే పాసు పనికిరాదు.

పాసు చేతికి వచ్చినప్పుడు చూడాల్సినవి మూడున్నాయి. బండి నంబరు అక్షరం తప్పకుండా ఉండాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది అంకెల్లో రాసి ఉండాలి, 'జూన్ నెల' అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి. కాంట్రాక్టు సంస్థ పేరు, ముద్ర, కట్టిన సొమ్ము కనిపించాలి. పాసు వేరు, రశీదు వేరు, రెండూ అడిగి తీసుకోండి.

తేదీల దగ్గరే చాలామంది నష్టపోతారు. సీజన్ టికెట్ జూన్ 10న మొదలైతే జులై 9న ముగుస్తుంది. బండి పాసును కొన్ని స్టాండ్లలో ఒకటో తేదీ నుంచి నెలాఖరుకు మాత్రమే ఇస్తారు. మీరు ఇరవయ్యో తేదీన చేరినా నెల డబ్బూ కట్టమంటే, మిగిలిన రోజులకు రోజువారీ రశీదులు ఎంతవుతాయో లెక్కేసుకోండి. అది తక్కువైతే నెలాఖరు దాకా రశీదులతో నడిపించి, ఒకటి నుంచి పాసు తీసుకోండి. ఆ తర్వాత సీజన్ టికెట్ రెన్యువల్‌ను కూడా నెలాఖరుకు దగ్గరగా సర్దుకుంటే రెండు గడువులూ ఒకేసారి గుర్తుంటాయి.

నెల పాసు ఉంటే చోటు రిజర్వు అయినట్టేనని అనుకుంటారు. కాదు. పాసు అంటే ఆ నెలంతా రోజూ విడిగా డబ్బు కట్టక్కర్లేదని మాత్రమే. స్టాండు నిండిపోతే పాసున్నవాళ్లూ వెనక్కి తిరగాల్సిందే. పాసున్నవాళ్లకు ప్రత్యేకంగా వరుస కేటాయిస్తారా, రాత్రి ఎన్నింటికి మూసేస్తారు, ఆఖరి రైలుకు వచ్చేవాళ్లు బండి ఎలా తీసుకోవాలి, ఒక రాత్రి బండి అక్కడే ఉండిపోతే అదనం ఎంత, ఈ నాలుగూ డబ్బు కట్టే ముందే అడగండి. రాత్రి షిఫ్టుల్లో చేసేవాళ్లకు వీటిలో మూసే వేళే అన్నిటికన్నా పెద్ద సమస్య.

చోటు దొరకలేదని స్టేషన్ వచ్చే దారిలోనో గేటు పక్కనో బండి వదిలేసి వెళ్లకండి. అంబులెన్సు రావాల్సిన దారి అది, వీల్‌చెయిర్ తిరగాల్సిన ర్యాంపు అది. స్టేషన్ ఆవరణలో వాహనం నడిపేవాళ్లు రైల్వే సిబ్బంది, పోలీసులు చెప్పింది వినకపోతే రైల్వే చట్టం 1989లోని 159వ సెక్షన్ కింద నెల దాకా జైలు, 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దివ్యాంగుల కోసం గేటు దగ్గర గుర్తు వేసి వదిలిన చోట ఇతరులు 'రెండే నిమిషాలు' అని బండి పెట్టడం మరీ అన్యాయం. ఆ రెండు నిమిషాల్లో వచ్చిన మనిషికి స్టాండు చివరి నుంచి నడిచి వచ్చే వీలుండదు.

ఎక్కువ అడిగితే, పాసు ఒప్పుకోకపోతే

వాదనకు దిగే ముందు రశీదు తీసుకోండి. రశీదు లేని ఫిర్యాదు నిలవదు. రశీదు, ఇందాక తీసుకున్న ధరల బోర్డు ఫొటో రెండూ జతచేసి రైల్వే ఫిర్యాదుల పోర్టల్ రైల్‌మదద్‌లో పెట్టండి, లేదా 139కి ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. స్టేషన్ మాస్టర్ దగ్గర ఫిర్యాదుల పుస్తకంలోనూ రాయవచ్చు. కాంట్రాక్టు వ్యవహారం చూసేది మాత్రం డివిజన్ స్థాయిలో సీనియర్ డివిజనల్ కమర్షియల్ మేనేజర్ కార్యాలయం. లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ వైపు స్టేషన్లు సికింద్రాబాద్ డివిజన్‌లోకి, కాచిగూడ, ఫలక్‌నుమా వైపువి హైదరాబాద్ డివిజన్‌లోకి వస్తాయి. ఉత్తరం రాసేటప్పుడు ఈ తేడా చూసుకోండి.

బోర్డే లేకపోతే, ఉన్నా దాని మీది ధర నమ్మదగ్గట్టు లేకపోతే, సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఫీజు 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. 'ఫలానా స్టేషన్ పార్కింగ్ కాంట్రాక్టులో ఆమోదించిన ధరల పట్టిక, కాంట్రాక్టు మొదలైన తేదీ, ముగిసే తేదీ, నెల పాసు నిబంధనల ప్రతులు ఇవ్వండి' అని ఒక్క వాక్యం చాలు. 'ఎందుకు ఎక్కువ తీసుకుంటున్నారు' అని రాస్తే అది సమాచారం కిందకు రాదని పక్కన పెట్టేస్తారు. దరఖాస్తు వేరే డివిజన్‌కు చేరినా, అయిదు రోజుల్లో సరైన కార్యాలయానికి పంపే బాధ్యత వాళ్లదే. వచ్చిన ధరల పట్టిక ప్రతిని స్టాండులో చూపించండి, మీతో పాటు రోజూ బండి పెట్టేవాళ్లకూ వాట్సాప్‌లో పంపండి.