టిప్పు జీతంలో భాగం కాదు: ఒడిశా సరిహద్దు హోటలు పనివారు లెక్క చూసుకునే పద్ధతి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ఊళ్లలోని టిఫిను హోటళ్లలోనూ లాడ్జీలలోనూ పనికి చేరే తెలుగువారికి యజమాని నోట మొదట వినిపించే మాట, "జీతం కాస్త తక్కువే గాని టిప్పులు బాగానే వస్తాయి" అన్నది. ఆ మాటకు తల ఊపే ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. టిప్పు తినడానికి వచ్చినవాడు ఇచ్చే డబ్బే తప్ప యజమాని ఇచ్చేది కాదు కనుక, దాన్ని చూపించి కనీస వేతనాన్ని తగ్గించే హక్కు అతనికి లేదు.

ముందుగా కనీస వేతనం రేటు తెలుసుకోవాలి. మీరు పార్వతీపురం నుంచో ఇచ్ఛాపురం నుంచో రోజూ రైలెక్కి వచ్చినా, యజమానిది ఆంధ్రా అయినా, హోటలు ఒడిశాలో ఉన్నంతకాలం ఒడిశా ప్రభుత్వం ప్రకటించిన రేటే వర్తిస్తుంది. అక్కడ పనిని నైపుణ్యాన్ని బట్టి నాలుగు వర్గాలుగా విభజించి, ఏప్రిల్, అక్టోబరు నెలల్లో కరువు భత్యాన్ని సవరిస్తారు. జిల్లా లేబరు ఆఫీసుకు వెళ్లి తాజా ఉత్తర్వు ప్రతిని అడిగి, అందులో మీ పని ఏ వర్గంలోకి వస్తుందో చూసుకోండి. ఒడియా చదవడం రాకపోతే, అక్కడి బడిలో చదివే ఇంటి పిల్లలే చదివి చెబుతారు.

తరువాత ఒక నోటుబుక్కు కొని, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, తీసుకున్న అడ్వాన్సు, చేతికందిన జీతం తేదీలతో తెలుగులోనే రాసుకోండి. 2025 నవంబరు 21 నుంచి అమలులో ఉన్న వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి, ఓటీకి (అదనపు గంటల పనికి) మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి, అన్ని కోతలూ కలిపి జీతంలో సగాన్ని మించకూడదు.

టిప్పుల విషయంలో ఈమధ్య వచ్చిన చిక్కు క్యూఆర్ కోడుది. కస్టమరు బిల్లుతో కలిపి టిప్పు కూడా ఫోన్‌పేలో కొడితే ఆ సొమ్ము నేరుగా యజమాని ఖాతాకు పోతుంది. అలాంటి టిప్పుల లెక్క ఏ రోజుకారోజు తేల్చాలని, క్లీనరుకూ వంటమాస్టరుకూ ఎంతెంత వాటా అన్నది ముందే మాట్లాడుకోవాలని నా సలహా. బిల్లులో సర్వీసు చార్జీని బలవంతంగా వేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలిచ్చింది కనుక దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది ఇ.ఎస్.ఐ. మీద, అంటే జబ్బు చేసినా పనిలో ప్రమాదం జరిగినా ఆదుకునే ఉద్యోగుల బీమా మీద. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే హోటల్లో నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం మీ నుంచి, 3.25 శాతం యజమాని నుంచి జమ కావాలి. అంటే 16,000 జీతానికి మీది 120, ఆయనది 520. ఆ 520 కూడా మీ జీతంలోనే కోసే యజమానులున్నారు, అది చట్టవిరుద్ధం. సరిపడా రోజుల చందా ఉన్నవారికి జబ్బు చేస్తే, ఏడాదిలో 91 రోజుల వరకు సగటు దినవేతనంలో 70 శాతం అందుతుంది. రోజుకు 600 అని కాగితం మీద ఉంటే 420 వస్తుంది. 400 అని రాసి మిగతాది టిప్పుల్లో చూసుకోమంటే 280 మాత్రమే. కాగే నూనె మీద పడి చేయి కాలినట్టు పనిలో ప్రమాదం జరిగితే, చేరిన మొదటిరోజే అయినా, 90 శాతం ఇస్తారు. టిప్పులు ఎంత దండిగా వచ్చినా ఈ లెక్కలోకి రావు. అందుకే చేరగానే పదంకెల బీమా నంబరు అడిగి తీసుకోవాలి. భార్యాపిల్లలు సరిహద్దుకు అవతల ఉంటే వారి చిరునామానూ, వారికి దగ్గరి డిస్పెన్సరీనీ విడిగా నమోదు చేయించాలి.

నలుగురైదుగురే పనిచేసే చిన్న హోటల్లో ఇ.ఎస్.ఐ. సాధారణంగా ఉండదు. అక్కడివారు బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టి ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరవచ్చు. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. ఆ ప్రీమియం యజమానినే కట్టమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

జీతం బాకీ పడితే మూడేళ్లలోగా దావా వేయవచ్చు. అర్జీ ఇవ్వవలసింది మీ సొంతూరి కార్యాలయంలో కాదు, హోటలు ఉన్న జిల్లా లేబరు ఆఫీసులో. దానికి నోటుబుక్కులోని పేజీల జిరాక్సు జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.