స్మోక్డ్ చికెన్ స్టిర్ ఫ్రై ఎలా చేయాలి?

రెడీ టు ఈట్ అని రాసి ఉన్న స్మోక్డ్ చికెన్ పచ్చి మాంసం కాదు. పొగ వేడికే ఉడికి, ఉప్పు పట్టి మన చేతికి వస్తుంది. మామూలు చికెన్‌లాగా పది నిమిషాలు వేయిస్తే ముక్క పీచుపీచుగా అయిపోతుంది. మొదటిసారి నాకు అలాగే అయింది. పైగా సోయా సాస్ ఎప్పటిలాగే పోశాను, ఉప్పెక్కువై తినలేకపోయాం. అందుకే ఈ వంటలో వేయించేది కూరగాయల్ని, చికెన్‌ను చివర్లో వేడి చేస్తామంతే.

ముగ్గురికి ఎముకలు లేని స్మోక్డ్ చికెన్ 250 గ్రాములు చాలు. ఒక క్యారెట్, ఒక క్యాప్సికం, పది బీన్స్, ఒక కప్పు క్యాబేజీ, నాలుగు ఉల్లికాడలు, ఐదు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం, రెండు పచ్చిమిర్చి తీసుకోండి. కూరగాయల్ని కడిగి, బట్టతో తడి పూర్తిగా తుడిచాక సన్నగా పొడవుగా తరగండి. తడి ఉంటే అవి వేగవు, ఆవిరికి మెత్తబడతాయి. చికెన్‌ను వేలి మందాన చీల్చి పెట్టుకోండి.

సాస్ ముందే కలపాలి, స్టవ్ వెలిగించాక అంత తీరిక ఉండదు. రెండు టీస్పూన్ల సోయా సాస్, ఒక టీస్పూన్ వెనిగర్, అర టీస్పూన్ చక్కెర, అర టీస్పూన్ మిరియాల పొడి, ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్, పావు కప్పు నీళ్లు. ఉప్పు ఇప్పుడు వద్దు.

ఇనుప మూకుడును పెద్ద మంట మీద బాగా కాలనివ్వండి. ఇంత వేడికి నాన్‌స్టిక్ పనికిరాదు. రెండు టేబుల్‌స్పూన్ల వేరుసెనగ నూనె పోసి, సన్నగా తరిగిన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి 15 సెకన్లు తిప్పండి. వెంటనే బీన్స్, క్యారెట్ వేసి రెండు నిమిషాలు, తర్వాత క్యాప్సికం, క్యాబేజీ వేసి ఒక నిమిషం, గరిటె ఆపకుండా వేయించండి. కొరికితే కరకరమనాలి. పెద్ద మంట మీద వచ్చే ఈ కమ్మని వాసనను కాంటొనీస్ వాళ్లు 'వోక్ హే' అంటారు, అంటే వోక్ (చైనా మూకుడు) ఊపిరి. మన ఇంటి స్టవ్‌కు హోటల్ మంటంత వేడి ఉండదు కాబట్టి ముగ్గురికి మించి ఒకేసారి చేయకండి. మూకుడు నిండితే వేడి పడిపోతుంది.

కార్న్‌ఫ్లోర్ అడుక్కి దిగి ఉంటుంది, సాస్‌ను మళ్లీ కలిపి మూకుడు అంచుల వెంట పోయండి. అర నిమిషంలో చిక్కబడుతుంది. ఇప్పుడు చికెన్, ఉల్లికాడలు వేసి, ముక్క లోపలిదాకా వేడెక్కేలా ఒక నిమిషం తిప్పి దించేయండి. రుచి చూశాకే, కావాలంటే ఉప్పు వేయండి. పైన అర టీస్పూన్ వేయించిన నువ్వుల నూనె. మన పప్పునూనె పచ్చి నువ్వుల నుంచి తీసేది, దానికి ఈ వాసన ఉండదు. ఆ నల్లటి నూనె దొరక్కపోతే దోరగా వేయించిన నువ్వులు ఒక చెంచా చల్లండి.

స్మోక్డ్ చికెనే దొరకకపోతే? చైనాలోని సిచువాన్‌లో బాతు మాంసానికి టీ ఆకులతో పొగ పడతారు. ఆ పద్ధతిలో ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత మూకుడులో ఫాయిల్ పరిచి బియ్యం, చక్కెర, టీ ఆకులు రెండేసి చెంచాలు వేయండి. పైన చిల్లుల ప్లేటు పెట్టి, ఉప్పు వేసి పూర్తిగా ఉడికించిన చికెన్ ఉంచండి. పొగ రాగానే మూత బిగించి సన్న మంట మీద పది నిమిషాలు, స్టవ్ ఆపేశాక ఇంకో పది నిమిషాలు వదిలేయండి. కిటికీలు మాత్రం ముందే తెరవండి. ఫాయిల్ మానకండి, మాడిన చక్కెర మూకుడుకు అంటుకుంటే వదలదు.