కేసు పడితే ఏం చేయాలి? 4వ పాఠం: రిమాండ్‌కి ముందే లాయరు

గత పాఠంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, దర్యాప్తు, బెయిలు ఎలా జరగాలో చెప్పే చట్టం) సెక్షన్ 35(3) నోటీసు దగ్గర ఆగాం. ఏడేళ్ల లోపు శిక్ష ఉండే కేసుల్లో పోలీసులు సాధారణంగా ముందు నోటీసు ఇచ్చి పిలవాలని, ఆ నోటీసును వాట్సాప్‌లో పడేస్తే కుదరదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పిందని చూశాం. ఈసారి ఆ దశ దాటిపోయింది, మనవాణ్ని స్టేషన్‌కి తీసుకెళ్లారు అనుకుందాం. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఒకటే. రిమాండ్ కోసం, అంటే కస్టడీలో ఉంచాలా వద్దా తేల్చడానికి, మెజిస్ట్రేటు ముందు నిలబెట్టే సమయానికి అతని తరఫున మాట్లాడే లాయరు అక్కడ ఉండాలి.

చేతిలో ఉండే సమయం 24 గంటలు. ఆలోపు మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణంలోనూ, అదే సంహిత సెక్షన్ 58లోనూ ఉంది. కోర్టుకు వెళ్లే ప్రయాణ సమయాన్ని ఇందులో లెక్కించరు. చిక్కంతా లెక్క ఎక్కడ మొదలవుతుందన్న దగ్గరే. పొద్దున తీసుకెళ్లిన మనిషిని సాయంత్రం అరెస్టు చేసినట్టు కాగితం మీద చూపించడం కొత్తేమీ కాదు. అందుకే ఇంటి నుంచి తీసుకెళ్లిన టైము, చూసినవాళ్ల పేర్లు అప్పటికప్పుడే రాసి పెట్టుకోండి. ఆ సమయంలో ఎవరికైనా ఫోన్ చేసి ఉంటే కాల్ లిస్టు డిలీట్ చేయకండి.

అరెస్టు సంగతి బంధువుకో స్నేహితుడికో చెప్పడం పోలీసుల బాధ్యత (అదే సంహిత సెక్షన్ 48). ఆ ఫోన్ వచ్చినప్పుడు చాలామంది "మావాడు అలాంటోడు కాదు సార్" అని బతిమాలుకోవడంతోనే సరిపెట్టేస్తారు. ఫోన్ పెట్టేశాక చూస్తే చేతిలో ఒక్క వివరం ఉండదు. ఇలా మాట్లాడటం అలవాటు చేసుకోండి:

"సార్, క్రైమ్ నంబరు ఎంత సార్?"

"అవన్నీ నీకెందుకమ్మా, ముందు స్టేషన్‌కి రా."

"వస్తున్నా సార్. లాయరు గారు అడుగుతున్నారు, అందుకే. ఏ సెక్షన్లు పెట్టారు సార్? ఏ కోర్టుకి పంపిస్తున్నారు?"

గొంతు పెంచక్కర్లేదు, చట్టాలు చదివి వినిపించక్కర్లేదు. స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు (స్టేషన్‌లో కేసుకిచ్చే నంబరు), సెక్షన్లు, అరెస్టు టైము, ఏ కోర్టు అన్నవి దొరికితే ఏ లాయరైనా పని మొదలుపెట్టగలడు. అన్నీ ఒక్క ఫోన్‌లోనే చెప్పరు, దొరికినంత రాసుకోండి.

తెలిసిన లాయరు ఉంటే సరే. లేకపోతే 15100కి ఫోన్ చేయండి, అది జాతీయ న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైను. లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు నేరుగా వెళ్లండి. "మాకు తెల్ల కార్డు లేదు, మాకివ్వరేమో" అని వెనక్కి తగ్గేవాళ్లు ఉంటారు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేదు. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు కూడా అంతే.

ఉచిత లాయరంటే పట్టించుకోని లాయరనే మాట జనంలో ఉంది, అది పూర్తిగా ఊరికే పుట్టిన మాటా కాదు. అయితే 2022 నుంచి చాలా జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి వచ్చింది. అందులోని లాయర్లకు ఇదే పూర్తికాలం ఉద్యోగం, బయటి కేసులు పట్టకూడదు. చేతిలో కేసులు మాత్రం ఎక్కువే ఉంటాయి కాబట్టి మీ కథంతా చెప్పకుండా పై వివరాలన్నీ ఒక కాగితం మీద రాసివ్వండి. ఫీజు అడిగితే ఇవ్వకండి, సంస్థ కార్యదర్శికి చెప్పండి. ఆ కార్యదర్శి కూడా న్యాయాధికారే. స్టేషన్ బయట "నేను మాట్లాడి సెట్ చేస్తా" అంటూ చేరే మధ్యవర్తికి ఇచ్చిన డబ్బు మాత్రం ఏ బెయిలుకూ పనికిరాదు.

ఇక లోపలున్న మనిషి సంగతి. విచారణ జరిగేటప్పుడు లాయరును కలిసే హక్కు అతనికి ఉంది, కాకపోతే మొత్తంసేపూ పక్కనే కూర్చోబెట్టమనే హక్కు కాదు. అరెస్టు మెమో (అరెస్టు వివరాలు రాసే కాగితం) మీద తేదీ, టైము చూసి సంతకం చేయాలి. తప్పు టైము ఉంటే ఆ మాట అక్కడే చెప్పాలి, మెజిస్ట్రేటుకీ చెప్పాలి. విచారణలో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదని నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 181 చెబుతోంది. ఖాళీ కాగితం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారమో పండగో అయితే రిమాండ్‌కి హాజరుపరచడం మెజిస్ట్రేటు ఇంటి దగ్గరే జరగొచ్చు. టెన్షన్‌లో మనిషికి నోరు పెగలదు, పక్కనే పోలీసులు ఉంటారు. "ఏమైనా చెప్పుకుంటావా?" అంటే "ఏం లేదండీ" అని తల ఊపి వచ్చేస్తాడు. చెప్పాల్సింది చిన్న మాటే: "నాకు లాయరు లేరండీ, లీగల్ ఎయిడ్ నుంచి ఇప్పించండి." కొట్టి ఉంటే ఎక్కడ కొట్టారో కూడా అప్పుడే చెప్పాలి.

అడగకపోయినా హక్కు పోదు. అరుణాచల్‌కు చెందిన సుక్ దాస్ కేసులో నిందితుడు లాయరు కావాలని అడగలేదు, ఉచితంగా దొరుకుతారని అతనికి ఎవరూ చెప్పలేదు. లాయరు లేకుండానే విచారణ జరిగి శిక్ష పడితే 1986లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2012లో కసబ్ కేసు తీర్పులో, మొదటిసారి హాజరుపరిచినప్పుడే ఈ హక్కు గురించి చెప్పి లాయరును ఇవ్వడం మెజిస్ట్రేటు విధి అని స్పష్టం చేసింది. కానీ సుక్ దాస్‌కు ఆ ఊరట సుప్రీంకోర్టు దాకా వెళ్తేగానీ దొరకలేదు. అడిగితే మొదటి రోజే దొరికేది.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఒకరు ఎస్సైగా, ఒకరు తల్లిగా కూర్చుని ఆ ఫోన్ సంభాషణ మాట్లాడి చూడండి. ఎస్సై విసుక్కోవాలి, తల్లి అయిదు వివరాలూ రాబట్టాలి. 15100 నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

5వ పాఠం బెయిలు, జామీనుదారుల గురించి. దానికి ముందు మీ దగ్గరి బంధువుల్లో ఎవరి పేరున ఇంటి పన్ను రసీదు ఉందో కనుక్కుని పెట్టుకోండి.