ఇన్‌స్టంట్ ఫోటోలు సర్దుకుందాం – 3వ పాఠం: నంబరు, కవరు, పెట్టె

ముందుగా ఒక మాట సరిచేసుకోవాలి. పాత ఆల్బమ్‌లోంచి తీసిన ఇన్‌స్టంట్ ఫోటోల్ని, అంటే తీయగానే కెమెరాలోంచే బయటికొచ్చే ఫోటోల్ని, రెండు రోజులు ఆరబెట్టండి అని కిందటి పాఠంలో రాశాను. అంతకు మించి ఏమీ రాయలేదు. నా ఉద్దేశం గదిలో, నీడపట్టున, ఉతికిన పాత పంచె మీద పరిచి వదిలేయమని. మీలో చాలామంది వాటిని మేడ మీదికి తీసుకెళ్లారు. ఒకాయన వడియాలు పెట్టే షీటు మీద వరసగా పరిచి, కాకులు రాకుండా పక్కన నల్లగుడ్డ కూడా కట్టారట.

తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకుంటాం. మిరపకాయలు ఎండబెడతాం. ఈ తేడా అందరికీ తెలుసు కదా అనుకుని నీడ అన్న ఒక్క మాట రాయకపోవడం నా తప్పే.

సరే, ఎండ తగిలిన ఫోటోల సంగతి చూద్దాం. విల్లులా వంగినవాటిని వెంటనే బరువు పెట్టి అణచకండి, ఇస్త్రీ పెట్టె జోలికి అసలు పోకండి. రెండు మూడు రోజులు నీడలో ఉంచితే కొంత వంపు దానంతటదే తగ్గుతుంది. తర్వాత రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, పైన ఒక పలచటి పుస్తకం వారం రోజులు ఉంచండి. వెలిసిన రంగు మాత్రం తిరిగి రాదు. అలాంటివాటిని విడిగా తీసి “ముందు స్కాన్” అని చీటీ పెట్టండి. అంచులు విచ్చుకుంటే గమ్ము, టేపు వద్దు. కాగితం కవరులో బల్లపరుపుగా పడుకోబెట్టండి, చాలు.

ఇంకొకరు లోపల ఏముందో చూద్దామని వెనక నల్ల పొర ఊడదీశారు. తెల్లటి పేస్టులాంటిది కనిపించిందా? చేతులు కడుక్కోండి, అది కొత్తగా ఉన్నప్పుడు చర్మాన్ని మండిస్తుంది. ఆ ఫోటోకు ఇక చేయగలిగింది ఏమీ లేదు. రెండోది ఊడదీయకండి.

ఇప్పుడు ఈ పాఠం. మీ దగ్గర మూడు కుప్పలు తయారై ఉన్నాయని అనుకుంటున్నాను. కింద మందపు తెల్ల అంచున్న పోలరాయిడ్‌లు ఒకటి, తీశాక పైకాగితం ఒలిచేసే రకం ఒకటి, ఫ్యూజీ కంపెనీ ఇన్‌స్టాక్స్ ఒకటి. మళ్లీ వివరించను. పోలరాయిడ్ కుప్పలో మాత్రం ఒక చిన్న విభజన చేయండి. పాత పోలరాయిడ్ కంపెనీ 2008లో ఫిల్మ్ తయారీ ఆపేసింది. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడె ఫ్యాక్టరీలో ఇంపాసిబుల్ అనే కొత్త బృందం మళ్లీ మొదటినుంచి రసాయనాలు కలుపుకుని 2010లో ఫిల్మ్ తెచ్చింది. ఆ తొలి ఏళ్ల ఫోటోలు చాలా సున్నితం. తేమ తగిలితే గోధుమరంగులోకి తిరిగేవీ, బొమ్మ మీద స్ఫటికాల్లాంటి మచ్చలు కట్టేవీ వాటిలో ఉన్నాయి. అవి కూడా “ముందు స్కాన్” కట్టలోకే.

నంబర్ల విషయానికొస్తే, తేదీల ప్రకారం సర్దుతానని కూర్చోకండి. మా ఇంటివీ, బంధువులవీ, మూసేసిన నా స్టూడియోలో మిగిలినవీ కలిపి నేను సర్దినవి మూడువేల నాలుగు వందలు. మొదటి నెలంతా తేదీలు వెతకడంలోనే పోయింది, ఒక్క పెట్టె కూడా నిండలేదు. దొరికిన వరసలోనే నంబరు వేసేయండి. ఒకే కవరులో, ఒకే ఆల్బమ్ పేజీలో ఉన్నవి ఎవరో ఒకప్పుడు ఏదో కారణంతో ఒకచోట పెట్టినవి. ఆ జత విడదీస్తే ఆ కారణమూ పోతుంది. తేదీ, పేర్లు, ఊరు, ఇవన్నీ పుస్తకంలో తర్వాత రాసుకోవచ్చు.

నా పద్ధతి ఇది: పెట్టె నంబరు, గీత, ఫోటో నంబరు. 04-117 అంటే నాలుగో పెట్టెలో నూట పదిహేడోది. కంప్యూటర్‌లో ఎక్సెల్ షీటు పెట్టుకుంటామని కొందరు అడిగారు. పెట్టుకోండి. నేనైతే లాంగ్ నోట్‌బుక్ వాడతాను, కరెంటు పోయినా తెరుచుకుంటుంది.

నంబరు ఎక్కడ రాయాలి? కవరు మీద. అదీ ఫోటో లోపల పెట్టకముందే. పెట్టాక పైనుంచి బాల్‌పెన్‌తో రాస్తే ఆ ఒత్తిడి బొమ్మ మీద గాటులా పడుతుంది. ఫోటో వెనక పెన్సిల్ నిలవదు, చెరిగిపోతుంది. పాతవాళ్లు తెల్ల అంచు మీద ఏమైనా రాసి ఉంటే చెరపకండి. అక్షరం పొల్లు పోకుండా, వాళ్ల తప్పులతో సహా, పుస్తకంలోకి ఎక్కించండి. మా పెదనాన్న “బెజవాడ టేసన్” అని రాశారు. నేనూ అలాగే రాసుకున్నాను.

పాత పోలరాయిడ్‌ల వెనక చిన్న అచ్చు నంబరు ఉంటుంది చూశారా? చాలామంది దాన్ని పట్టించుకోరు. అది తయారీ బ్యాచ్‌ది. మా ఇంట్లో మెట్ల మీద పదకొండు మంది నిలబడిన ఫోటో ఒకటి ఉంది. ఏ ఏడాదిదో ఎవరూ చెప్పలేకపోయారు. వెనక నంబరు చూస్తే, అంచు మీద “అన్నప్రాశన 86” అని రాసిన ఇంకో ఫోటో నంబరే. రెండూ ఒకే బ్యాచ్ ఫిల్మ్. అప్పటి ప్యాకెట్‌లో పది వచ్చేవి, మనవాళ్లు పొదుపుగా తీసేవాళ్లు, కాబట్టి అటూ ఇటూగా అదే కాలం. కానీ ఆ నంబరు ఫిల్మ్ పుట్టిన కాలాన్ని చెబుతుంది, ఫోటో తీసిన రోజును కాదు. అమెరికా నుంచి తెచ్చిన ప్యాకెట్ బీరువాలో మూడేళ్లు పడి ఉండటం మన ఇళ్లలో మామూలే. అందుకని పుస్తకంలో ఆ ఏడాది పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

కవర్లు. ఇన్‌స్టాక్స్ మినీ సరిగ్గా ఏటీఎం కార్డు సైజు, 5.4 బై 8.6 సెంటీమీటర్లు. అందుకే అందరూ కార్డులు దోపుకునే ప్లాస్టిక్ పుస్తకాల మీద పడతారు. వాటిలో చాలావరకు పీవీసీ, ఫోటోలకు పనికిరాని ప్లాస్టిక్. తెరవగానే కొత్త స్కూలు బ్యాగు వాసన గుప్పుమంటే కొనకండి. పాలీప్రొపిలీన్ కానీ పాలిస్టర్ కానీ అయితే ఫరవాలేదు. నా మటుకు నాకు కాగితం కవరే ఇష్టం. మాది కాకినాడ. వానాకాలంలో ప్లాస్టిక్ కవరు ఫోటోకు అతుక్కుపోతుంది, కాగితం అతుక్కోదు. ఆమ్లం లేని కాగితం అడగండి. ఫోటో యాక్టివిటీ టెస్ట్ (కవరు ఫోటోకు హాని చేయదని తేల్చే పరీక్ష) పాసైందని అట్ట మీద రాసి ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు. కొత్తగా తీసిన పోలరాయిడ్ అయితే నెల రోజులు బయట ఆరనిచ్చాకే కవరులో పెట్టండి. ఆరనివ్వడం, నీడలో!

ఇక లామినేషన్. ఇది కాస్త పొడుగు. వచ్చిన ఫోన్లలో సగం దీని గురించే, నాకు చిరాకు తెప్పించేదీ ఇదే.

రేషన్ కార్డు నుంచి పదో తరగతి మార్కుల జాబితా దాకా మనవాళ్లు చేతికందిన ప్రతిదాన్నీ లామినేషన్ చేయించేస్తారు. పదికాలాలు ఉంటుందని నమ్మకం. కాగితానికే అది మంచిది కాదు, అయినా కాగితం ఆ పూటకు బతికి బయటపడుతుంది. ఇన్‌స్టంట్ ఫోటో బతకదు. ఎందుకంటే పోలరాయిడ్ లాంటిది ఒంటి కాగితం కాదు, అంటించేసిన సంచీ. పైన పారదర్శకంగా ఉండే పాలిస్టర్ పొర, వెనక నల్ల పొర, మధ్యలో రంగుల పొరలు, టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి కలిసిన పేస్టు. పోలరాయిడ్ కింది అంచు అంత మందంగా ఉండేది అందంకోసం కాదు, పేస్టు పొట్లం అక్కడే ఉంటుంది. ఫోటో బయటికొచ్చేటప్పుడు కెమెరాలోని రెండు రోలర్లు ఆ పొట్లాన్ని చిట్లించి, పేస్టును లోపల సమంగా పరుస్తాయి. నలగాల్సిందేదో అప్పుడే నలిగిపోయింది. లామినేషన్ మెషిన్ రెండోసారి నలుపుతుంది, ఈసారి నీళ్లు మరిగేంత వేడితో. పొంగిన పూరీ మీద అప్పడాల కర్ర తిప్పినట్టు.

మా అక్క పెళ్లి 1988లో. మా పెదనాన్న తీసిన పోలరాయిడ్‌లలో తలంబ్రాల ఫోటో ఒకటి బాగా వచ్చింది. నేను ఊళ్లో లేనప్పుడు మా బావగారు దాన్ని ఎంతో ప్రేమగా లామినేషన్ చేయించారు. షాపు కుర్రాడు ఇచ్చింది చేశాడు, వాడి తప్పేముంది. అక్క ముఖం మీదుగా గోధుమరంగు అల ఒకటి పాకింది, అంచుల్లో బుడగలు. ఎవరికీ ఏమీ అనలేక దాన్ని అలాగే పెట్టెలో పెట్టాను, 01-009.

వేడి లేకుండా చేసే కోల్డ్ లామినేషన్ అయితేనో అన్నారు. వేడి లేదు, జిగురు ఉంది. ఒకసారి అంటితే తీయలేరు, తీయబోతే పై పొర కూడా వస్తుంది. అంచులకు మాత్రమే వేయిస్తే? వద్దు. పైన తెల్లకాగితం పెట్టి వేయిస్తే? వేడి కాగితం దాకా వచ్చి ఆగిపోతుందా? ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన) చెక్క మీద అతికించి పైన మ్యాట్ షీటు వేసి ఇస్తున్నారు కదా? వెనక నంబరు జిగురు కిందికి పోయినట్టే, ఫోటో ఇక ఆ చెక్కకే అంకితం.

ఒకావిడ మాత్రం కాలం చేసిన వాళ్ల నాన్నగారి ఫోటో అదొక్కటే ఉందని, దేవుడి గది పక్కన దండ వేసి పెట్టుకోవాలని అడిగారు. అమ్మా, స్కాన్ చేయించి, కావలసినంత పెద్దగా ప్రింటు తీయించుకోండి. ఆ ప్రింటుకు లామినేషన్ చేయించండి, ఫ్రేము కట్టించండి, దండ వేయండి. అసలుది కవరులోనే ఉండాలి. ఇప్పటికే లామినేషన్ అయిపోయినవి ఉంటే కత్తెరతో విప్పే ప్రయత్నం చేయకండి, ఉన్నదున్నట్టు స్కాన్ తీసి పెట్టెలో ఉంచండి.

పెట్టె గురించి క్లుప్తంగా చెబుతాను. ఫోటోల్ని ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. వాలిపోకుండా చివర అట్టముక్క దన్నుగా ఉండాలి, వేలు పెట్టి ఒకటి తీయగలిగేంత సందు ఉండాలి. అటక మీద వద్దు, స్నానాల గది గోడకు ఆనించి వద్దు. బీరువా మధ్య అర మేలు. కలరా ఉండలు, కర్పూరం ఆ అరలో ఉంచకండి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేయండి, రంగు మారితే మార్చండి. ఫ్రిజ్‌లో పెట్టాల్సింది వాడని ఫిల్మ్‌ను. తీసిన ఫోటోను ఫ్రీజర్‌లో పెడితే పొరలు విడిపోయే ప్రమాదం ఉంది.

సాధన. వచ్చే పాఠంలోగా వంద ఫోటోలకు నంబరు వేసి, పుస్తకంలో ఎక్కించి, కవర్లలో పెట్టాలి. యాభై కాదు, వంద. వాటిలో మనుషులున్న ఇరవై తీసుకుని మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఎడమ నుంచి కుడికి ఎవరెవరో పేర్లు, వరసలు రాయండి. ఫలానావాళ్ల అబ్బాయి అంటే సరిపోదు, ఇంటిపేరుతో సహా కావాలి. ఒకే ఫోటో గురించి ఇద్దరు పెద్దవాళ్లు రెండు రకాలుగా చెబితే వాదించకండి, రెండూ రాసి, ఎవరు ఏది చెప్పారో పక్కన రాయండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చోకండి, నిద్రపోతారు. ఉదయం కాఫీ వేళ అడగండి, కాఫీ గ్లాసు మాత్రం ఫోటోలకు మూరెడు దూరంలో పెట్టించండి.

4వ పాఠం స్కానింగ్. స్కానర్ గాజు మీద చేతిగుడ్డతో తుడిచేవాళ్లు అప్పటిదాకా కొంచెం ఓపిక పట్టండి.