నా సోడా బ్రెడ్ రాయిలా ఎందుకైంది?

ఐర్లాండ్‌లోని కార్క్‌ నగరానికి వచ్చిన కొత్తలో పక్కింటి పెద్దావిడ ఇచ్చిన సోడా బ్రెడ్ తిన్నాక, ఎలాగైనా నేనే చేయాలనిపించింది. రెండుసార్లు చేస్తే రెండుసార్లూ రాయే. పైగా నోట్లో సబ్బు రుచి. చాలా బాధేసింది.

ఇందులో ఈస్ట్ ఉండదు. వంటసోడాకి మజ్జిగ పులుపు తగిలి పుట్టే గ్యాస్‌తోనే రొట్టె పొంగుతుంది. నేనేమో మామూలు పాలు పోశాను. పులుపు లేక సోడా అలాగే మిగిలింది, సబ్బు రుచి దానిదే. రెండో తప్పు ఇంకా పెద్దది: చపాతీ పిండిలా పది నిమిషాలు పిసికాను. పిసికేకొద్దీ గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే ప్రొటీన్) బిగుసుకుంటుంది, గ్యాస్ కూడా పోతుంది.

మూడోసారి 450 గ్రాముల మైదాలో చెంచాడు ఉప్పు, చెంచాడు సోడా జల్లించి, చిక్కటి పుల్లమజ్జిగ 350 మిల్లీలీటర్లు పోశాను. వేళ్లు విడదీసి గుండ్రంగా తిప్పి, పిండి కలవగానే ఆపేశాను. జిగటగానే ఉంటుంది, టెన్షన్ పడొద్దు. మధ్యభాగం ఉడకడానికి పైన ప్లస్ గుర్తులా లోతుగా గాటు పెట్టి, వెంటనే వేడి ఓవెన్‌లో పెట్టాను. 230 డిగ్రీల్లో 15 నిమిషాలు, తర్వాత 200లో మరో 30.

అడుగున తడితే డొల్లగా మోగింది, అంటే లోపలిదాకా ఉడికినట్టే! సగం కోసి, వెన్నతో పాటు పక్కింటావిడకి ఇచ్చి వచ్చాను.